ఓడకు రెండో పక్క

ప్రజ్ఞాపూర్
ఆషాఢం, ఆదివారం

నవనీతకు,

సతీశ్ రాస్తున్న ఉత్తరం. పెద్దమనుషులు చెప్పారు కాబట్టి రాస్తున్నాను. కొండపాకలో మీ మేనమామ సిద్ధయ్య ఇంటి అరుగు మీద మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది నీకూ గుర్తుండే ఉంటుంది. దసరా దాకా నేను సిద్దిపేటలో మన గడప తొక్కొద్దు, నువ్వు ఇక్కడికి రావొద్దు, ఫోన్లు బంద్. దసరా తెల్లారి మళ్లీ కూర్చుంటారు. కలిసి ఉంటామంటే సరే, లేకుంటే ఇడుపు కాగితం రాసి ఎవరి దారి వాళ్లకు చూపిస్తారు. "నోటితోని మాట్లాడుకుంటె మీరు బాగుపడరు. కాయితం మీద రాసుకోండ్రి. రాస్తుంటె చెయ్యి నొస్తది, తిట్లు గవే తక్కువైతయి" అన్నాడు మామ. నిజమే, అప్పుడే చెయ్యి నొస్తోంది. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత రాసింది లేదు.

నేను బాగానే ఉన్నాను. హైవే పక్కన కొత్త ఇళ్ల వెంచర్‌లో ఒక మేస్త్రి దగ్గర తలుపులు, కిటికీలు బిగిస్తున్నాను. కిరాయికి గది దొరికింది. అన్నం నేనే వండుకుంటున్నాను, అప్పుడప్పుడు మాడుతోంది.

అసలు సంగతి వేరే. మన ఫ్రేముల దుకాణం వెనక గదిలో బల్ల మీద నా బొమ్మ ఓడ ఉంది కదా. అడుగున వెన్ను కర్ర, దాని మీద పక్కటెముకలు, ఒక పక్కన మాత్రం పైనుంచి నాలుగు బద్దలు అంటించి ఉన్నాయి. మూడు తెల్లవి, ఒకటి నల్లది. నువ్వు మీ తల్లిగారి ఊరు బెజ్జంకి నుంచి వచ్చేసరికి నేను ఆ నల్లది అంటిస్తున్నాను. తర్వాత ఏమైందో ఇద్దరికీ తెలుసు, మళ్లీ రాయను. దాని మీద పాత చీర ఏదైనా కప్పు. కిటికీలోంచి వాన జల్లు పడుతుంది, బల్ల కొంచెం లోపలికి జరుపు. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకు.

సతీశ్


సిద్దిపేట
శనివారం

సతీశ్‌కు,

గంట బస్సు దూరానికి నీ ఉత్తరం రావడానికి వారం పట్టింది. సిద్ధయ్య మామ తెలివి అదేనేమో, కోపం దారిలోనే చల్లారాలని. నాది చల్లారలేదు.

నీ ఓడ మీద చీర కప్పలేదు. ఓడలకు కప్పేటన్ని చీరలు నా దగ్గర లేవు. అట్టపెట్టె ఒకటి బోర్లించాను. బల్ల జరిపాను, అది కూడా నీ కోసం కాదు, నాకు జాగ కావాలి. బోనాల రోజులు, అందరూ ఎల్లమ్మ ఫొటోలకు ఫ్రేములు కట్టమని వస్తున్నారు. వచ్చిన గిరాకీ అంతా వెనక గదిలోకి తొంగి చూసేవాళ్లే. ఒకాయన "గదేంది, చేప బొక్కలా?" అని అడిగాడు. ఒకామె కోళ్ల గంప అనుకుంది. నేను కాదని చెప్పలేదు.

ఒక్క మాట మాత్రం ఖరాఖండిగా రాస్తున్నాను. బల్ల కింద జిట్రేగి కర్ర బద్దల కట్ట ఉంది, ఆ నల్లవి. మా బాపు మంచం పట్టెలు కోసి నువ్వు చేసినవి. బతుకంతా కల్లు గీస్తూ తాటిచెట్లు ఎక్కి దిగిన మనిషి, చివరి నెలల్లో ఆ మంచం దిగలేకపోయాడు. దాని మీదనే పోయాడు. మనిషి పోయిన మంచం ఇంట్లో ఉంచుకోరు, ఎవరికన్నా ఇచ్చెయ్యాలని మా అవ్వ ఎంత చెప్పినా వినకుండా, ట్రాలీ ఆటోలో వేయించుకొని తెచ్చి అటక మీద పెట్టుకున్నాను. అవ్వకు జ్వరమని నేను బెజ్జంకి పోయి వచ్చేలోపల నువ్వు దాన్ని కోత మిషన్ కింద పెట్టావు. పంచాయితీలో అందరి ముందు "ఎట్లయిన పారేసేదే గద" అన్నావు.

ఆ కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాను. అందులోంచి ఒక్క బద్ద కూడా నీ ఓడకు పోదు. ఇప్పటికే అంటించిన నల్లదాన్ని చూడలేకనే పెట్టె బోర్లించింది.

నవనీత


ప్రజ్ఞాపూర్
ఆషాఢం చివర

నవనీతకు,

కట్ట నీదే. దాని గురించి మళ్లీ అడగను.

కానీ ఓడ దగ్గర ఒక పని తప్పు జరిగింది. ఒక బద్ద ఈ పక్కన వేస్తే వెంటనే ఇంకొకటి ఆ పక్కన వెయ్యాలి. నేను తొందరపడి నాలుగూ ఒక పక్కనే వేశాను. జిగురు ఆరిన కొద్దీ అవి వెన్ను కర్రను తమ వైపు గుంజుకుంటాయి. ఈ వానాకాలం అట్లాగే వదిలేస్తే వెన్ను వంగిపోతుంది. ఒకసారి వంగితే ఎవరూ తిన్నగా చెయ్యలేరు. రెండో పక్క కూడా బద్దలు పడాలి, వెంటనే పడాలి. నేను రాకూడదు కాబట్టి సారయ్యను అడుగు. నాకు పని నేర్పిన మనిషి, కాదనడు. తెల్లవి పాలకొడిశ బద్దలు, ఎర్రవి టేకువి, రెండూ తలుపు వెనక నిలబెట్టి ఉన్నాయి. పాలకొడిశ మెత్తగా వంగుతుంది, టేకు కొంచెం మొండి.

ఒక బొమ్మ ఓడకు ఇంత పట్టింపు ఏమిటంటావు. సముద్రం నేను చూసింది లేదు. ఒక సారు ఇంట్లో షోకేసులో ఇట్లాంటిది చూశాను. నలుపూ తెలుపూ కర్రలు పక్కపక్కన, సందు కనిపించకుండా వంపు తిరిగి ఉన్నాయి. అది ఎట్లా చేశారో తెలుసుకునే దాకా నాకు అన్నం సయించలేదు, నువ్వే తిట్టావు. ఇక్కడ తలుపులన్నీ ఫ్యాక్టరీ నుంచి తయారై వస్తాయి. మడతబందులు బిగించి పక్క ఇంటికి పోవడమే మా పని. ఉలి పెట్టె తెరవక చాలా రోజులైంది. నా చేతి పని అని చెప్పుకోవడానికి ఇప్పుడు ఆ ఓడ ఒక్కటే ఉంది. అది వంకర పోతే నాకు బాధగా ఉంటుంది, అందుకే అడుగుతున్నాను.

సతీశ్


సిద్దిపేట
శ్రావణం

సతీశ్‌కు,

సారయ్యను పిలిచాను. చాయ్ తాగాడు. ఓడను అటు తిప్పి ఇటు తిప్పి, "వీనికి ఏం పని లేదా?" అన్నాడు. అయినా చేస్తున్నాడు. రెండో పక్క ఒక తెల్ల బద్ద వేశాడు. రెండోది వేస్తుండగా కొన్ని అనుమానాలు వచ్చాయి, నిన్ను అడగమన్నాడు.

ముందు కొన దగ్గర బద్ద వంగడం లేదు. బలవంతం చేస్తే పుటుక్కున విరిగింది. నడుమ పక్కటెముకల దగ్గర పైదానికి ఆనుకుని కూర్చుంటోంది, కొనలకు వచ్చేసరికి పక్కకు తన్నుకుంటోంది. ఫ్రేములకు కొట్టే చిన్న మొలలు కొడితే బద్ద నెర్రె ఇచ్చింది. చివర్లు సన్నం చెయ్యాలా? చేస్తే ఒక చివరా, రెండు చివర్లా? ఇంకొకటి, వేళ్లకు అంటిన జిగురు దేంతో పోతుంది? నూనె రాసినా పోవడం లేదు.

అవ్వ వచ్చి రెండు పూటలు ఉండి పోయింది. ఊళ్లో అందరూ అడుగుతున్నారట. "తెంపుకుంటె తెంపుకో, తెచ్చుకుంటె తెచ్చుకో. నడిమిట్ల గీ ఉత్తరాలేందే?" అంది. నేను ఫొటోకు అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాను.

నవనీత


ప్రజ్ఞాపూర్
శ్రావణం

నవనీతా,

నేను పుట్టకముందు నుంచి సారయ్య జిగురుతో పని చేస్తున్నాడు. వేళ్లకు అంటింది ఎట్లా పోతుందని ఆయన నన్ను అడగడు. కాబట్టి ఇప్పుడు రాసేది సారయ్యకు కాదు, ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారో వాళ్లకు.

గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే వేళ్ల మీది జిగురు పొరలా లేచి వస్తుంది. గోరుతో గీకకు, చర్మం లేస్తుంది.

బద్దను వేడినీళ్లలో నానబెట్టి, కెటిల్ ఆవిరి పట్టి, మెల్లగా వంచి, ఆ వంపు మీదనే బట్టల క్లిప్పులు పెట్టి ఆరనియ్యి. ఆరినాక జిగురు రాయి. తడి మీద రాస్తే పట్టదు. ఓడ నడుమ లావు, కొనలు సన్నం. అన్ని బద్దలూ ఒకే వెడల్పు ఉంటే కొనల దగ్గర వాటికి జాగ చాలదు, అందుకే తన్నుకుంటాయి. రెండు చివర్లూ సన్నం చెయ్యి, చిత్రిక పట్టు. ఎంత అంటే, ముందు బద్దను పక్కటెముకల మీద ఊరికే ఆనించి చూడు, ఎక్కడ పైదాని మీదికి ఎక్కుతుందో అక్కడి నుంచి తగ్గించు. మొల కొట్టేముందు సన్న బెజ్జం చెయ్యి. నువ్వు ఫ్రేము మూలలు కోసే చెయ్యి చూశాను, నా కంటే శుద్ధంగా కోస్తావు. ఇది నీకు కష్టం కాదు.

మూడు తెల్లవి పడ్డాక నాలుగోది అవతలి పక్క నల్లదానికి జోడీ. అక్కడ టేకు వెయ్యి. జిట్రేగి నేను అడగను.

ఇంకొక మాట. మా మేస్త్రికి బెంగుళూరులో పెద్ద పని దొరికింది. రెండేళ్లు ఉంటుందట. నన్ను రమ్మంటున్నాడు. దసరా తర్వాత చెప్తానన్నాను. పంచాయితీలో ఇడుపు అని తేలితే పోతాను. ఇక్కడే ఉండి, బస్సులో ఆ దుకాణం ముందు నుంచి వస్తూ పోతూ నిన్ను చూడటం నాతో కాదు.

సతీశ్


సిద్దిపేట
వినాయకుడి నిమజ్జనం మరునాడు

సతీశ్‌కు,

అవును, నేనే. సారయ్య చాయ్ తాగి పోయినవాడు మళ్లీ రాలేదు. బల్ల ఖాళీ చేద్దామని ఓడను పక్కకు పెట్టబోతే పట్టుకున్న చోటే పక్కటెముక కదిలింది. దాన్ని సరిచేద్దామని కూర్చున్నాను, అట్లా అలవాటైంది.

ఆవిరి పట్టిన బద్ద మాట వింటోంది. మొదటిసారి కొన దాకా విరగకుండా వంగినప్పుడు గిరాకీని నిలబెట్టి మరీ ఇంకో బద్ద వంచాను. ఆయన ఎల్లమ్మ ఫొటో పట్టుకొని పావుగంట నిలబడ్డాడు. రెండో పక్క మూడు తెల్లవి పడ్డాయి. సందులు నీ వాటికంటే తక్కువ, చూసుకో.

నాలుగోది టేకు వేసి చూశాను, బాగాలేదు. ఒక పక్క నల్లగా, ఒక పక్క ఎర్రగా ఉంటే వేరే వేరే ఓడల్లా ఉన్నాయి. టేకుకు నల్ల పాలిష్ పట్టించాను. బూటులాగా తయారైంది. పీకేశాను.

బెంగుళూరు సంగతి నన్ను అడగకు. పోతానంటే పో.

పెత్రమాస వస్తోంది. బాపు పోయాక మొదటి పెత్రమాస. ఆయన పేరు మీద బియ్యం ఇవ్వడానికి బెజ్జంకి పోతున్నాను. పోయేముందు నిన్ను ఒకటి అడగాలి. పంచాయితీలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పట్టెలు కోస్తే పొట్టు వచ్చి ఉంటుంది. ఆ పొట్టు ఏం చేశావు? పెళ్లైనప్పటి నుంచి నువ్వు ఒక్కనాడు చీపురు పట్టింది లేదు. ఎంత పని చేసినా పొట్టు నేనే ఎత్తాను. ఆ రోజు నేను వచ్చేసరికి గది అద్దంలా ఊడ్చి ఉంది. మంచం కోయడం కంటే అదే నన్ను ఎక్కువ కోసింది. బాపు చెమట ఇంకిన కర్ర అది. సూటిగా చెప్పు.

నవనీత


ప్రజ్ఞాపూర్
భాద్రపదం

నవనీతా,

చెత్త బండిలో పోశాను. మున్సిపాలిటీ బండి పాట పెట్టుకొని వస్తుంది కదా, అందులో. సంచిలో కట్టి పోశాను. నువ్వు వచ్చేలోపల గది శుభ్రంగా ఉండాలని ఊడ్చాను. అంటే తప్పు చేస్తున్నానని నాకు తెలుసు. తెలియకపోతే ఊడ్చేవాణ్ణి కాదు.

నీ ఉత్తరం వచ్చాక ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ ఊళ్లో ఒక ఇంట్లో జిట్రేగి గుమ్మం చెక్కుతున్నారు, కింద నల్ల పొట్టు కుప్పలుగా ఉంది. ఒక డబ్బాలో నింపి, ఇదిగో దాచిపెట్టాను అని పంపిస్తే నువ్వు కనిపెట్టలేవు. పెత్రమాసకు నీ మనసు కుదుటపడేది. నాకు దసరా నాడు మంచి మాట దక్కేది. డబ్బా కూడా తెచ్చాను. నింపలేకపోయాను. నీతో ఉన్నన్ని రోజులు ఆ డబ్బా అటక మీద ఉంటుంది, నేను దాని కింద పడుకోవాలి.

పట్టెలు ఎందుకు కోశానో పంచాయితీలో చెప్పింది నిజం కాదు. మీ బాపును చివరి నెలల్లో పక్కకు తిప్పింది, లేపి కూర్చోబెట్టింది నేను కూడా. నువ్వు తెచ్చి అటక మీద పెట్టినప్పటి నుంచి పొద్దున లేస్తే నాకు ముందు ఆ మంచం కోళ్లు కనిపించేవి. ఆయన దగ్గు వినిపించేది. నీకు అది మీ బాపు. నాకు ఆయన పోయిన రోజు. ఎవరికన్నా ఇద్దామంటే నువ్వు ఒప్పుకోవు, ఉంటే నాకు ఊపిరాడదు. కోసి ఓడకు వేస్తే కర్ర ఇంట్లోనే ఉంటుంది, మంచం మాత్రం ఉండదు అనుకున్నాను. నిన్ను అడగాల్సింది. వద్దంటావని తెలిసి అడగలేదు. పది మంది ముందు మంచానికి భయపడ్డానని చెప్పడానికి నామోషీ అనిపించి, పారేసేదే కదా అన్నాను.

నువ్వు ఇడుపు అడిగితే నేను ఎదురు చెప్పను. కానీ నాకు ఇడుపు వద్దు నవనీతా. నాకు ఇంటికి రావాలని ఉంది.

సతీశ్


సిద్దిపేట
సద్దుల బతుకమ్మ ముందు రోజు

ఏమయ్యా,

ఇది పోస్టులో వేస్తే దసరా దాటిపోతుంది. మన వాడకట్టు సునీల్ కారు కిరాయి మీద హైదరాబాద్ పోతున్నాడు, ప్రజ్ఞాపూర్‌లో నీ చేతికే ఇమ్మని చెప్పాను. ఇచ్చేదాకా అక్కడి నుంచి కారు కదిలించొద్దన్నాను కూడా.

నీ ఉత్తరం చదివాక ఓడ జోలికి పోలేదు. పొద్దున చెత్త బండి పాట వినపడితే లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఏడ్చాను. నువ్వు ఎదురుగా ఉంటే ఏదో ఒకటి నీ మీద విసిరేదాన్ని. ఆ డబ్బా సంగతి చదివి ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే అట్లా పంపితే నేను నిజంగానే నమ్మేదాన్ని.

పెత్రమాస నాడు బియ్యం ఇచ్చి వచ్చాక అవ్వకు అంతా చెప్పాను. పొట్టు, చెత్త బండి, నీ భయం, అన్నీ. అవ్వ ఆకుకూర తెంపుతూ విన్నది. చివరికి, "మీ బాపు బతికినన్ని దినాలు గా మంచాన్ని తిట్టుడే. నులక గుచ్చుకుంటుందని, నడుం పడతలేదని. ఆఖరికి గా మంచం తప్ప ఇంకోటి లేక దాని మీద పండిండు. నువ్వేమో దాన్ని నెత్తికెత్తుకుంటివి" అంది. నాకు నవ్వు వచ్చింది. నిజమే, ఆయన పొద్దున లేస్తూనే మంచాన్ని తిట్టేవాడు, నేను పడుకొని వినేదాన్ని. ఆ తిట్లు ఎట్లా మర్చిపోయానో తెలియదు. అవ్వ నీ గురించి కూడా ఒక మాట అంది. "భయపడ్డోడు చెప్తె అయిపోతుండె గద" అంది.

తిరిగి వచ్చి బీరువా తాళం తీశాను. కట్టలోంచి ఒక బద్ద తీసి నానబెట్టాను. జిట్రేగి ఎంత మొండిదో నువ్వు రాయలేదు. రెండు విరిగాయి. మూడోది ఆవిరి మీద చాలాసేపు పట్టి, కొంచెం కొంచెం వంచి, రాత్రంతా క్లిప్పులు పెట్టి ఉంచితే లొంగింది. సన్న బెజ్జాలు చేసి, జిగురు రాసి, నీ నల్లదానికి జోడీగా రెండో పక్క వేశాను. దాని కింద మళ్లీ తెల్లవి మొదలుపెట్టాను, ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. అట్టపెట్టె తీసేశాను. ఇప్పుడు గిరాకీ ఎవరూ చేప బొక్కలు అనడం లేదు, ఓడ అనే అంటున్నారు.

కానీ ఓడ తిన్నగా లేదు. ముందు నుంచి చూస్తే వెన్ను నువ్వు ముందు వేసిన పక్కకు కొంచెం ఒంగింది. నేను మొదలుపెట్టేసరికే ఆలస్యమైంది. సారయ్య వచ్చి చూసి, అన్నీ పీకి మళ్లీ వేస్తే తప్ప కాదన్నాడు. పీకనన్నాను. కష్టపడి వేశాను, అట్లానే ఉంటుంది. నీ చేతి పని అన్నావు, ఇప్పుడు నాది కూడా. వంకర ఉందని ఎవరన్నా అంటే ఇద్దరం కలిసి మాట పడదాం.

సిద్ధయ్య మామకు ఫోన్ చేసి, దసరా తెల్లారి అరుగు మీద చాప వెయ్యొద్దని చెప్పాను. "ఎందుకే, కలిసిండ్రా?" అని అడిగాడు. "కలువలే మామా. గీ కొట్లాట మేమే ఇంట్ల చూసుకుంటం" అన్నాను. ఆయన సరే బిడ్డా అన్నాడు.

నాకు కోపం పోలేదు, అది నీకు తెలియాలి. పొట్టు మాట నేను మర్చిపోను. పండగ పూట గుర్తొస్తుంది, అన్నం తింటుంటే గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా అంటాను. కానీ నువ్వు అక్కడ, నేను ఇక్కడ ఉంటే ఆ కోపం నేను ఒక్కదాన్నే మొయ్యాల్సి వస్తోంది, నాతో కావడం లేదు. బెంగుళూరుకు రానని మేస్త్రికి చెప్పు. ఇంటికి రా. వచ్చి, నా ఎదురుగా కూర్చొని ఆ మాటలు పడు.

నవనీత